పేరు తెలియని ఇద్దరు

ఏ ఫోటో? ఏదీ, ఇలా చూపించు. ఓ, అదా... మొన్న పార్కులో తీసింది తల్లీ. మధ్యలో కళ్ళు చికిలించుకుని నిలబడ్డది నేనే. ఇటు పొట్ట ముందుకేసుకున్నది మా కరెంటాయన, మిల్లులో కరెంటు పని చూసేవాడులే. అటు తల దించుకున్నది నా బావమరిది, మీ నాయనమ్మ తమ్ముడు, వాడూ ఆ మిల్లులోనే చేసేవాడు. వెనకాల నల్లరాయి ఉంది చూశావా, దాని మీద మిల్లు కాలిపోయినప్పుడు పోయినవాళ్ళ పేర్లు చెక్కారు. ముప్పై ఎనిమిది మంది. బట్టలకి రంగులద్దే మిల్లు. ఇప్పుడక్కడ గడ్డి, బెంచీలు, పిల్లలకి జారుడుబల్ల. మేం ఆవిర్లలో ఉడికిపోయిన చోట ఎవరో కుక్కపిల్లని తిప్పుకుంటున్నారు. తప్పని కాదు, ఊరికే చెప్తున్నా.

మేం వెళ్ళింది ఈల కోసం. నవ్వకు, ఈలంటే మనిషే. ఆవిరి గొట్టాల దగ్గర పని వాడికి. ఆ మోతలో పక్కవాడి మాట కూడా వినపడేది కాదుగా, అందుకని రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని కొట్టేవాడు. ఒక ఈలంటే ఆవిరి వదులుతున్నానని, రెండంటే ఆపేశానని, మూడంటే టీ వచ్చిందని! సూపర్‌వైజరు మండిపడేవాడు, "ఇదేమన్నా సినిమా హాలనుకున్నావురా?" అని. "హాలైతే కుర్చీలుండేవి కదండీ" అనేవాడు వీడు, మొహం అమాయకంగా పెట్టి. నన్ను మామా అనేవాడు. ఏ వరసో మరి, వాడే కలిపేసుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం రంగు డ్రమ్ముల గదిలో అంటుకుంది. క్షణాల్లో పొగ కమ్మేసింది, నా చెయ్యి నాకే కనపడలేదు. గోడ తడుముకుంటున్నాను, ఎటు పోతున్నానో తెలీదు. అప్పుడు వినపడింది ఈల. ఆగకుండా. పక్క తలుపు దగ్గర నిలబడి కొడుతున్నాడు. దాన్ని పట్టుకునే ఒక్కొక్కళ్ళం బయటపడ్డాం, పద్నాలుగు మందిమి. నేను తలుపు చేరగానే జబ్బ పట్టుకుని బయటికి తోశాడు. "పో మామా, లోపలింకా ఎవరో దగ్గుతున్నారు" అన్నాడు. నేను పోయాను. వాడి చొక్కా నా చేతికందేంత దూరంలో ఉంది తల్లీ, పట్టుకుని ఒక్క గుంజు గుంజితే... ఏమో. గేటు దాకా పరిగెత్తా. వెనక్కి తిరిగేసరికి కప్పు కూలింది.

మొన్న మా బావమరిది కళ్ళజోడు మర్చిపోయొచ్చాడు. కరెంటాయనే బడిలో హాజరు పిలిచినట్టు పేర్లన్నీ పైకి చదివాడు. చదివి, "ఇంతకీ వాడి పేరేంటి?" అన్నాడు. ముగ్గురిలో ఒక్కడికీ తెలీదు. రాయి కింద, చివర్న, 'పేరు తెలియని ఇద్దరు' అని ఉంది. అప్పట్లో గుమాస్తా అడిగితే మేం ఈల అనే చెప్పాం. "పేరు చెప్పండయ్యా అంటే ఈలలంటారేంటి!" అని కసిరాడు. వాడు రోజుకూలీ, రిజిస్టర్లో లేడు. పనిలో పెట్టిన మేస్త్రీ ఆ మంటల్లోనే పోయాడు. గది అద్దెకిచ్చినావిడేమో "ఈలబ్బాయనే పిలిచేదాన్ని నాయనా" అని ఏడ్చింది. వాడి కోసం ఎక్కడో ఎదురుచూసినవాళ్ళకి కబురు కూడా వెళ్ళలేదు.

వాళ్ళిద్దరికీ చెప్పలేదు గానీ, ఒకసారి బస్టాపులో వాడే మొదలెట్టాడు. "మామా, నా అసలు పేరు వింటే నవ్వుతావు. మా నాయనమ్మ పెట్టింది, ఎందుకు పెట్టిందో తెలుసా..." అని. ఇంతలో బస్సొచ్చింది. సీటు దొరకదని నా తొందర. "రేపు చెప్దువులేరా" అని ఎక్కేశా. ఆ తర్వాత ఏడాదిన్నర పక్కపక్కనే పనిచేశాం. వాడు మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

సీటు దొరికింది ఆ రోజు. కిటికీ పక్కన.

...ఆ ఫోను పక్కన పెట్టు. మీ అమ్మ పిలుస్తోంది, వెళ్ళు.