ఉప్పుకాలవ మీద రెండు ఖాళీ కుర్చీలు

"తాతా, ఫోను ఆన్ చేసినా. ఉప్పుకాలవ తగువు మొదట్నుంచి చెప్పు. కాలేజీలో నేను మాట్లాడాల్సింది దేశాల మధ్య వ్యాపారం తగువుల గురించి. ఎంత చదివినా నాకు నువ్వు చెప్పిన ఆ కుర్చీలే గుర్తొస్తా ఉండాయి."

చెప్తాలే పాపా. ఆ ఫోను కొంచెం దూరంగా పెట్టు, లేకపోతే నా దగ్గే పడతాది దాంట్లో. పొద్దున నువ్వు చెప్పింది నాకు అర్థమైందో లేదో ముందు చూసుకుందాం. మన రొయ్యలు కొనే పెద్దదేశం పన్ను పెంచింది. అందుకే ఈ యేడు కాలవ పొడుగునా చానామంది రొయ్యల గుంటలు ఎండబెట్టుకోని ఉండారు. ఇది అన్యాయం అని చెప్పుకోను దేశాలన్నిటికీ కలిపి ఒక చోటు ఉండాది. ఆడ తీర్పు నచ్చకపోతే పైన ఇంకో బెంచీ. ఆ బెంచీ మీద ఇప్పుడు ఎవురూ లేరు, కొత్తవాళ్లని వేద్దామంటే ఆ పెద్దదేశమే వద్దంటాది. ఓడినోళ్లు పైకి పోతామంటే తీర్పు ఆడనే ఆగిపోతాది. అంతే గదా? ఆఁ. అదైతే నాకు కొత్తేం కాదు.

మా తగువు జరిగేటప్పుడు మీ అమ్మ బడికి పోతా ఉండాది. కాదు కాదు, పదో తరగతి అయిపోయింది, బిట్రగుంటలో మీ చిన్నమ్మమ్మ వాళ్లింట్లో ఉండేది, రైల్వే కోటర్సులో. ఆ కోటర్సుకి ఎంత వాకిలి ఉండేదనుకున్నావు, మంచాలు వేసుకోని వరసగా పడుకునేవాళ్లం. అప్పటి బియ్యం ధర చెప్తే నువ్వు నవ్వుతావు, చెప్పన్లే. టైగర్ రొయ్య వేసే కాలం అది. ఇప్పుడేసే రకం అప్పటికింకా రాలా.

ఉప్పుకాలవ సంగతి నీకు తెలుసు గదా. సముద్రం నీళ్లు దాంట్లోనే లోపలికి వస్తాయి. అందరం మోటార్లు పెట్టి దాంట్లోనుంచే తోడుకోవాల, మళ్లీ దాంట్లోకే వదలాల. ఒకరి గుంటలో తెల్లమచ్చ రోగం పడితే ఆ నీళ్లు పక్కోడి గుంటలోకి పోతాయి. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. రోగం వచ్చినోడు మోటారు షెడ్డు మీద ఎర్రగుడ్డ కట్టాల. గుడ్డ కనపడితే మిగతావాళ్లం మోటార్లు ఆపేస్తాం. అతను నీళ్లలో బ్లీచింగు కొట్టి, నిలవబెట్టి, ఆ తర్వాతే వదలాల. గుడ్డ కట్టను అందరికీ నామోషీనే, అయినా కట్టేవాళ్లు. నేనూ కట్టినా.

కట్టకుండా వదిలినోడి మీద తగువు పెట్టొచ్చు. చర్చి వరండాలో కూర్చునేవాళ్లం. కాలవ మీదోళ్లు ఎవరైనా ముగ్గురు కూర్చోని తీర్పు చెప్తారు, అది మొదటి కూర్చోవడం. శిక్ష పంటకి పంట. పంట పోయినోడు, ఎవురి వల్ల పోయిందో ఆయన గుంటలో ఒక పంట వేసుకోవచ్చు. అది నచ్చకపోతే రెండో కూర్చోవడం అడగొచ్చు. దానికి వేరే ముగ్గురు పెద్దమనుషులు, వాళ్లకి మూడు కుర్చీలు. కాలవ మీద అందరూ సరేనంటేనే ఆ కుర్చీలో కూర్చోబెట్టాల, ఒక్కరు వద్దన్నా వద్దే. మంచి పద్ధతే అనుకున్నాం. ఎవుడో ఒకడు ప్రతిదానికీ వద్దంటా పోతాడని మాకు తోచలా.

ఆ ముగ్గురిలో ఒకాయన వయసై చనిపోయినాడు. ఇంకొకాయన చిల్లకూరులో కూతురి దగ్గరికి పోయినాడు. మిగిలింది పాస్టరుగారు ఒక్కరే. ఇంకో ఇద్దర్ని వేద్దామంటే చెంచురామయ్య వద్దన్నాడు. అందరికంటే ఎక్కువ గుంటలు ఆయనవే గదా. రెండు మూడు తగువుల్లో ఓడిపోయి ఉండాడు, ఆ కడుపుమంట. ఒకాయనకి చెవుడన్నాడు. ఇంకొకాయన కోపిష్టి అన్నాడు. నా పేరు కూడా చెప్పినారు. పెంచలయ్య ఎవురింట్లో పెట్టినా తింటాడు, ఆయన మాట ఎట్టా నమ్మేది అన్నాడు. తింటానే మరి. పెడితే తినకుండా ఎట్టా వస్తారు? ఆ రెండు కుర్చీల్లో పాస్టరమ్మ మిరపకాయలు ఎండబెట్టుకునేది.

అట్టా ఉండగా చెంచురామయ్య గుంటకి తెల్లమచ్చ పడింది. గుడ్డ కట్టలా. తెల్లారకముందే తూము ఎత్తేసినాడు. కింద రూతమ్మ గుంట, మొగుడు లేడు, ఉన్నది ఆ ఒక్క గుంటే. ఆమె పొద్దున్నే మోటారు వేసుకుంది, పాపం, గుడ్డ లేదు గదా. నాలుగు దినాలకి రొయ్యలన్నీ గట్టుకొచ్చి తేలినాయి. పంట పట్టే ముందర, చూడు. ఆమె గట్టు మీద కూర్చోని ఏడవను గూడా ఏడవలా, ఊరికే చూస్తా ఉండాది.

మొదటి కూర్చోవడంలో ముగ్గురూ చెప్పినారు, చెంచురామయ్యదే తప్పు, ఒక పంట ఇవ్వాల అని. ఆయన కాదనలా, గొంతు పెంచలా. లేచి నిలబడి, "నాకు రెండో కూర్చోవడం కావాల" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడనుకున్నావు. కూర్చునేవాళ్లు యాడుండారు? ఉన్నది పాస్టరుగారు, ఆ మిరపకాయలు.

రూతమ్మ గుంట ఎండబెట్టి, రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి పోయింది. ఐసులో చేతులు పెట్టుకోని పొద్దస్తమానం తలకాయలు తీసే పని. ప్రతి ఆదివారం ఆరాధన అయిపోయినాక వరండాలో ఆగి అడిగేది. "పాస్టరుగారూ, కూర్చున్నారా?" ఆయన "ఇంకా లేదమ్మా" అనేవాడు. ఆమె చెప్పులేసుకోని పోయేది. ఏళ్లు జరిగింది ఇట్టా. మిగతావాళ్లం ఏం చేసినామంటావా? అయ్యో అనుకున్నాం. ఎవురి మోటారు వాళ్లు వేసుకున్నాం. గుడ్డ కట్టేవాళ్లు గూడా తగ్గిపోయినారు. ఆయనకి లేని నామోషీ మనకెందుకని.

తర్వాత ఒక యేడు ఎగువ గుంట కోటయ్య గుడ్డ కట్టకుండా తూము ఎత్తినాడు. చెంచురామయ్య పంట మొత్తం పోయింది. మొదటి కూర్చోవడంలో తప్పు కోటయ్యదే అన్నారు. కోటయ్య లేచినాడు. "నాకు రెండో కూర్చోవడం కావాల" అన్నాడు. అదే మాట, అదే మర్యాద. వరండాలో ఎవురూ నవ్వలా, నవ్వితే బాగుండదని నేల చూస్తా ఉండాం.

మాపటేళకి చెంచురామయ్య మా ఇంటికొచ్చినాడు. పెంచలయ్యా, నువ్వు కుర్చీలో కూర్చోవాల అన్నాడు. మీ అమ్మమ్మ చేపల పులుసు చేసి ఉండాది, ఆయనకీ పెట్టింది. "నేను తిన్నా ఫరవాలేదా ఇప్పుడు?" అని అడిగినా. ఆయన పళ్లెం వైపు చూస్తా తిన్నాడు. చెవుడాయన ఇంటికి గూడా పోయినాడంట. మర్నాడే అందరూ సరేనన్నారు, రెండో కూర్చోవడం అడిగింది తనే గనక కోటయ్య గూడా వద్దనలేకపోయినాడు, పాస్టరమ్మ మిరపకాయలు తీసేసింది.

కూర్చున్నాం ముగ్గురం. కోటయ్య తగువు ఎత్తబోతా ఉంటే వెనకనుంచి రూతమ్మ లేచింది. పెద్దగా ఏం అనలా. "నాది ముందుది గదా పాస్టరుగారూ, నాది వినండి" అనింది. చెంచురామయ్య మా ముగ్గురి మొహాలూ చూసినాడు. ఆమెది వినకపోతే తనది గూడా వినరని అర్థమైంది ఆయనకి. తలూపినాడు. ఆమెదే విన్నాం. పంటకి పంట అన్నాం. ఆ తర్వాతే ఆయనది విన్నాం, అది మాత్రం ఆయన వైపే చెప్పినాం. న్యాయం ఆయన వైపు ఉండింది గదా, ఏం చేస్తాం.

పద్ధతి మార్చినాం లే తర్వాత. ఒక్కరు వద్దంటే ఆగేది లేదు, కొత్తాయన వచ్చేదాకా పాతాయన కుర్చీ దిగేది లేదు. ఆ మార్పు కావాలని అందరికంటే గట్టిగా మాట్లాడింది చెంచురామయ్యే, తనే కనిపెట్టినట్టు.

రూతమ్మ పంటా? బాగా వచ్చింది పాపా. చెంచురామయ్య పెద్ద గుంటే ఇచ్చినాడు. కానీ మేత చల్లను రూతమ్మకి వేళ్లు మడత పడలా. అన్నేళ్లు ఐసులో పెట్టింది గదా. మేత నేను చల్లినా, ఆమె గట్టు మీద కూర్చోని చూసింది. పంట తిరిగిచ్చినాం. ఆ వేళ్లు మేం ఇయ్యలేకపోయినాం. నాకు ఇప్పటికీ బాధే అది.

ఆ పెద్దదేశానికి గూడా ఎప్పుడో ఒకప్పుడు ఎగువనుంచి నీళ్లు వస్తాయిలే. అప్పుడు అదే పోయి కుర్చీలు తుడుస్తాది. అందాకా ఈ కాలవ మీదోళ్లు ఏం పని చేసుకోని బతకాల, అది అడుగు మీ కాలేజీలో. నువ్వు బాగా మాట్లాడతావు, నాకు తెలుసు. చల్లగా ఉండు తల్లీ. ఎప్పుడన్నా నిన్ను అట్టాంటి కుర్చీలో కూర్చోబెడితే, వెనకాల ఎవరన్నా లేచి నిలబడుండారేమో ముందు చూడు... ఆ ఫోను ఇంకా తిరగతా ఉండాదా?