అయ్య ఎడంకాలికి గండపెండేరం

"మామ్మా, టీవీలో ఎవరో కవిగారికి సన్మానం చేస్తన్నారు సూడు. మీ అయ్యక్కూడా ఎప్పుడో ఏదో తొడిగేరట గదా, నాన్న సెప్పేడు. ఏటది?"

ఏదీ, సూడనీ. నా కళ్లజోడు ఆ కిటికీ కాడుంది, ఇలాగ తే. ఆఁ, శాలువా కప్పేరు. ఆ సేతిలోదేటే, అద్దంముక్కలాగుంది? మెమెంటోయా? బాగుంది, బీరువాలో ఎట్టుకోడానికి పనికొస్తాది. మా అయ్య సూస్తే నవ్వీవోడు. పూర్వం రాజులు కవులకి ఊళ్లకి ఊళ్లే రాసిచ్చీసీవోరంట. ఏనుగెక్కించి తిప్పీవోరంట. నెత్తిమీంచి బంగారు కాసులు పోసీవోరంట, కనకాభిషేకం అనీసి. అన్నింటికన్నా పెద్దది గండపెండేరం. అంటే కాలి కడియవే అనుకో. కవిగారి ఎడంకాలికి తొడుగుతారు. కుడికాలిక్కాదు, ఎడంకాలికే. నాతో సాటొచ్చీవోడు ఎవడైనా ఉంటే రండర్రా అని ఆ కాలు ముందుకెయ్యడవన్నమాట. ఇవన్నీ మా అయ్య బువ్వ తింటా సెప్పీవోడు. మాయమ్మ కసిరీది. "ఆ రాజులు మరింక రారు గానీ ముందు తినండి, పులుసు సల్లారిపోతంది" అనీది.

మా అయ్య జమీందారుగారి ఎస్టేటులో అమీను. అంటే భూములు కొలిసీ ఉద్యోగం. మా తాతలది గుణుపురం కాడ యవసాయం. అయ్యొక్కడే ఎనిమిదో తరగతి... కాదు, తొమ్మిది, తొమ్మిది సదువుకోని రాయగడ వచ్చేడు. కొలత గొలుసట్టుకోని కల్యాణసింగ్‌పూర్ కొండలంట, ఆ సివర కుందుర దాకా, ఎక్కడ పడితే అక్కడికి నడిసెల్లిపోయీవోడు. బస్సులేవీ అప్పుడు? నడుస్తా నడుస్తా పద్యం కట్టీవోడు. ఇంటికొచ్చేక పాడైపోయిన పటాలుంటాయి గదా, ఆటి ఎనకాతల రాసుకునీవోడు. ఒకేపు ఎవరిదో పొలం గీతలు, రెండోవేపు మా అయ్య పద్యాలు. మన నాగావళి ఏరు మీదే నూటెనిమిది రాసేడు. నాకు అప్పుడు సగం అర్థమయ్యీవి కాదులే. వినడానికి మాత్రం ఎంత బాగుండీవో.

ఆటిని రోజూ వినీవోరు ఒక్కరే ఉండీవోరు, నందో మాస్టారు. ఒడియా బడిలో పెద్ద పంతులు. తెలుగు బాగానే వచ్చు గానీ మాటాడితే మనకి నవ్వొచ్చీది. ఆదోరం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూకునీవోరు. అయ్య పద్యం సదివి అర్థం సెప్తే, ఆయన దాన్ని ఒడియాలో రాసుకునీవోరు. ఒడిస్సా ఏరే రాష్ట్రం అయిపోయింది, మన తెలుగోళ్లం ఇటుండిపోయేం, మన బాస ఏవయిపోతాదోనని బజార్లో మనోళ్లంతా గింజుకునీవోరు గానీ, ఆ అరుగు మీద ఆ గొడవే లేదమ్మీ. ఇద్దరూ ఒక మాట కాడ ఆగిపోయి గంటసేపు కొట్టుకునీవోరు, అంతే.

జమీందారీలు పోయేయి. ఆ తరవాత రెండు మూడేళ్లకనుకుంటాను, అప్పుడికి నాకు పదకొండేళ్లు. ఢిల్లీలో పుస్తకాలకి బహుమానాలిస్తన్నారని పేపర్లో వచ్చింది. రైసుమిల్లు నాయుడుగారు, ఆయన మన తెలుగోళ్లకి పెద్ద, ఆ పేపరట్టుకోని మా ఇంటికొచ్చేసేరు. "అమీనుగారూ, రాజులా పోయేరు, ఢిల్లీయా దూరం. ఆ బహుమానాలు ఈ కొండలెక్కి ఎప్పుడొస్తాయి? మనవే సేసుకుందాం. మీకు గండపెండేరం తొడుగుతాం" అన్నారు. మాయమ్మ గుమ్మం ఎనకాతలుంది. దాని మొకం సూసేను, నవ్వలేదు. అయ్య అయితే సెయ్యి ఊపీసి "నాకెందుకండీ బాబూ అవన్నీ, వద్దొద్దు" అన్నాడు.

ఊరంతా ఒకటే మాట, అబ్బ ఎంత వినయవో అని. వినయవూ కాదు, ఏటీ కాదు. మా అయ్యకి ఎడంకాలు బోదకాలమ్మీ.

నీకు తెలీదు. మీరు సూళ్లేదు ఆ రోగాలు. దోమకాటుకి వస్తాదని తరవాత తెలిసింది. ముందు జొరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చి, అలాగలాగ కాలు వాసిపోయి మరి తగ్గదు. అయ్యకి సీలమండ కాణ్నించి పిక్క దాకా ఉండీది. పంచి నేలకి జీరాడేలాగ కట్టీవోడు, గుడ్డ సుట్టుకోని, ఒక కాలుకి పెద్ద బూటు కుట్టించుకునీవోడు. ఎవరైనా ఏటండీ కుంటుతన్నారు అంటే, కొండ మీంచి జారేను, పాత దెబ్బ అనీవోడు. మాయమ్మొక్కర్తే రోజూ తలుపేసి ఆ కాలు కడిగి నూనె రాసీది. నన్ను దగ్గిరికి రానిచ్చీవోడు కాదు, తలుపు సందులోంచి ఓమాటు నానే సూసేను. ఊళ్లో భూవంతా కొలిసినోడు, ఆ కాలు మాత్రం ఎవరికీ సూపించలేదు.

ఇష్టం లేకా? శానా ఇష్టం! రాజుల కతలు అన్నిమాట్లు సెప్పినోడికి ఇష్టం లేకుంటాదేటి? సివరికి నందో మాస్టారొచ్చి, "నా సేత్తో నేను తొడుగుతాను అమీను బాబూ, కాదంటావా?" అన్నారు. కాదనలేకపోయేడు. ఆయనక్కూడా కాలు సంగతి తెలీదు.

సరే. కంసాలి అప్పన్న మావ కొలత కోసం రెండుమాట్లు వచ్చేడు. ఎండిది సేసి బంగారం పూత పెడతాడన్నమాట. అయ్య దొరకలేదు. "అందాజాగా సేసీ అప్పన్నా" అని బైటికెల్లిపోయీవోడు. అప్పుడు మావ నన్ను బడి తోవలో ఆపి ఓ దారపుముక్క సేతిలో ఎట్టేడు. "అమ్మీ, మీ అయ్య మజ్జానం పడుకుంటాడు గదా, సీలమండ సుట్టూ కొలిసి ముడేసి పట్రా. ఎడంకాలు సుమీ" అన్నాడు.

ఆ మజ్జానం అయ్య నులకమంచం మీద పడుకున్నాడు. కుడికాలు బైటుంది. ఎడంకాలు మీద దుప్పటుంది. నాను ఆ దుప్పటి అంచట్టుకున్నాను. అట్టుకోని ఒగ్గీసేను.

భయవేసిందనుకున్నావా? కాదే. అసయ్యవేసింది. మా అయ్య కాలంటే నాకు అసయ్యవేసింది. ఇన్నేళ్లలో ఎవరికీ సెప్పలేదు, మీ తాతయ్యక్కూడా సెప్పలేదు. ఇంకోటి కూడా ఉందిలే, పెండేరం ముచ్చటగా సన్నగా ఉండాలని. అంత లావుది సేస్తే ఊరందరికీ తెలిసిపోదేటి? కుడికాలు కొలిసీసి ముడేసి ఇచ్చీసేను. ఎలాగెక్కుతాదో ఏటో ఆలోచించలేదు. పిల్లబుర్ర.

సబ రైసుమిల్లు కల్లంలో పెట్టేరు, పొద్దున్న పూట. తాటాకు పందిరి, మాయిడాకుల తోరణాలు. మనోళ్లందరూ వచ్చేరు, ఒడియావోళ్లూ వచ్చేరు. మాయమ్మ కొత్త సీర కట్టుకుంది గానీ మాటిమాటికీ అయ్య పంచి ఏపే సూస్తంది. దండేసేరు, శాలువా కప్పేరు. నందో మాస్టారు పెద్దాయన, నెత్తంతా తెలుపే, పళ్లెం అట్టుకోని కింద కూకున్నారు. అయ్య కాలు ముందుకెట్టేడు. కుడికాలు.

నాయుడుగారు నవ్వుతా "ఎడంకాలండీ అమీనుగారూ, ఎడంకాలు!" అన్నారు. ఎనకాతల కుర్రోళ్లు కూడా అందుకున్నారు, ఎడంకాలు, ఎడంకాలు అని. కోపంగా కాదు, సరదాకే. నాను మాత్రం అయ్య మొకం ఏపు సూళ్లేక మాయమ్మ కొంగట్టుకున్నాను.

అయ్య మరేటనుకున్నాడో, వొంగి, పంచి మోకాలు దాకా ఎత్తి, గుడ్డ ఇప్పీసి, ఎడంకాలు ముందుకెట్టేడు.

మాస్టారు పెండేరం అట్టుకోని సూసేరు. ఎక్కదని తెలిసిపోతంది. మా అయ్య "మాస్టారూ..." అన్నాడు. ఆయన తలకాయెత్తకండానే "కిచ్ఛి నుహే, కిచ్ఛి నుహే" అన్నారు. ఏం కాదు, ఏం కాదు అని. శీల తీసి పెండేరం ఇప్పేరు. ఇప్పి, తన భుజమ్మీది కండువా అంచు సర్రున సింపేరు. కొత్తదమ్మీ, ఆ సబకని కొనుక్కున్నదే. పెండేరం ఆ కాలుకి ఆనించి, ఆ గుడ్డతో సుట్టి ముడేసేరు. ముడేసి ఆ కాలుకి దణ్ణం ఎట్టేరు. బేమ్మడు, పెద్దోడు. అప్పుడు సూడాలి సప్పట్లు. అయ్య పంచి దించలేదు. అలాగే నిలబడి నాగావళి ఏటి పద్యాలు సదివేడు, ఒక్కటీ తడబడకండా.

ఆ పెండేరం తరవాత మాయమ్మ జబ్బుకి అమ్మీసేంలే. ఉంటే సూపించీదాన్ని.

ఇంటికొచ్చేక నాను పెరట్లో గడ్డివాము ఎనక్కి పోయి కూకున్నాను. అప్పన్న మావ కొలత ఎవరిచ్చేరో సెప్పీసుంటాడు, అయ్య కొడతాడేమోనని. కొట్టినా బాగున్ను. అయ్యే ఎతుక్కుంటా వచ్చేడు, మెల్లగా. పక్కన పీటేసుకోని కూకున్నాడు. ఏటన్నాడో తెలుసా?

"ఆ మజ్జానం నాను నిద్దరోలేదమ్మీ" అన్నాడు.

"నువ్వు దుప్పటి అట్టుకున్నావు, ఒగ్గీసేవు. తెలుసు నాకు. నువ్వు సిన్నగుంటవి, నీదేటి తప్పు? నానే కాలు బైటెట్టి ఇదిగో కొలుసుకో అంటే సరిపోయీది. కన్నకూతురు కాడ కూడా సిగ్గుపడిపోయేను సూడు" అన్నాడు. ఏడుపొచ్చీసిందమ్మీ. ఇద్దరికీ వచ్చింది. "పొద్దుణ్నుంచి నిలబడ్డాను, కాలు లాగతంది. నీళ్లు తెస్తావేటి?" అన్నాడు.

సెంబుతో తెచ్చేను. అయ్య తనంతట తనే ఎడంకాలెత్తి నా ఒళ్లో ఎట్టేడు. బరువుగా ఉంది. ఎచ్చగా ఉంది. సెయ్యేస్తే, అంతే, కాలే. మా అయ్య కాలే. అప్పుడు కడగడం మొదలెట్టి, ఆయన పోయీదాకా నానే కడిగేను. మాయమ్మని ముట్టుకోనియ్యలేదు.

ఏటే, నువ్వేడుస్తన్నావా? ఎర్రిగుంటా, ఇలారా. సల్లగుండు. శాలువాలు కప్పితే కప్పుతారు, లేకపోతే లేదు. నిన్ను నమ్మి ఎవరైనా తమ కష్టం నీకు సూపించినప్పుడు, నాలాగ సెయ్యి ఎనక్కి తీసుకోకు తల్లీ... అంతే నాను కోరీది. ఆ టీవీ కట్టీ.