ఐదు పక్కన మనిషి

హాంకాంగ్‌లో మేడమెట్ల కింద ఇరుకు దుకాణం. మాజాంగ్ అనే చైనా ఆట ముక్కల మీద అంకెలు చెక్కేది మొగుడు కాం-షింగ్, వాటికి రంగులు పూసేది పెళ్ళాం. వరసగా ఐదో ఆడపిల్ల పుట్టేసరికి పేరు వెతికే ఓపిక ఎవరికీ లేక, పుట్టింటివాళ్ళు ఆమెకు ‘ఐదో చెల్లి’ అనే పేరు పెట్టేశారు. మిట్టమధ్యాహ్నం, ఇద్దరి మధ్యా మూత తీయని అన్నం డబ్బాలు.

“అన్నం చల్లారిపోతోంది, ఐదూ.”

“చల్లారనీ. ముందిది చెప్పు. ఎవత్తిదిది?”

“ఏది?”

“ఈ ముక్కల పెట్టె. నీ బల్ల కింద, పాత చొక్కా కప్పి దాచావే, ఈ పెట్టె.”

“దాచలేదు. దుమ్ము పడకుండా కప్పాను.”

“నలభై ఏళ్ళ కాపరంలో నీకు దుమ్ము కనబడ్డం ఇవాళేనా?”

“బేరమే. ఎవరికో.”

“ఎవరికో అంటే? ఆడా, మగా?”

“తిను ముందు. బాతు తెచ్చాను, కాల్చిన బాతు.”

“పండగా పబ్బమా, బాతెందుకు? తప్పుచేసిన మొగుడే బాతు తెస్తాడు. ఆడా, మగా?”

“...ఆడమనిషికే.”

“అదీ! అలా రా దారికి!”

“అరవకు. పై వాటావాళ్ళు వింటారు.”

“విననీ. మామూలు పెట్టెయితే వారంలో చెక్కి పారేస్తావు. దీన్ని ఎన్నాళ్ళబట్టి చెక్కుతున్నావు?”

“రెండు నెల్లు.”

“రెండు నెల్లు! గాడి ఎంత లోతో! నా గోరు దిగిపోతోంది. ఇంత మనసు పెట్టి ఎవరికి చెక్కావయ్యా ఇన్నేళ్ళల్లో?”

“లోతుగా ఉండాలి. బొటనవేలితో తడిమి ఆడే మనిషి.”

“అబ్బో, అంత ఆటగత్తా! టీ కొట్టు క్వోక్ కదూ?”

“ఆవిడ ఊసెందుకిప్పుడు? నేను ఆవిడ పేరెత్తానా?”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాట్ట. ఎందుకా? ఆ రోజు కొట్టుకొచ్చి ఆవిడ గోల చేసిందా లేదా? ఎర్రగా ఉండాల్సిన ముక్కలు నాలుగూ పచ్చగా ఉన్నాయని?”

“చేసింది. అయిపోయిందిగా.”

“రంగులు పూసేది నేను. తిడితే నన్ను తిట్టాలి. నువ్వు మధ్యలో దూరి, ‘నాదే తప్పమ్మా, ఆ పూట నేనే పూశాను’ అని వంగి వంగి దణ్ణాలు! పుట్టి బుద్ధెరిగి బ్రష్షు పట్టావా నువ్వు?”

“గొడవ ముదురుతుందని అన్నాను.”

“నాతో మాట్లాడితే నీ గొంతు ఆకురాయి. ఆవిడ ముందు తేనె కారింది.”

“ఐదూ, క్వోక్‌కి కాదు. ఒట్టు.”

“మరి గురువారం గురువారం ఎక్కడికి పోతున్నావు?”

“పార్కుకి. ముసలి ఫంగ్‌తో ఆడ్డానికి.”

“ఎవరూ, జాతకాలు చెప్పే గుడ్డి ఫంగా? కళ్ళు లేనివాడు మాజాంగ్ ఎలా ఆడతాడు?”

“ఆడతాడు. నాకంటే బాగా ఆడతాడు.”

“చీ! అతికేలా అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు.”

“అబద్ధం కాదే.”

“సరే, క్వోక్ కాదు, గురువారాలూ కాదు. ఈ ముక్క సంగతేంటి?”

“ఏ ముక్క?”

“ఐదు! ఊళ్ళో అందరికీ ఐదు అంకె పక్కన మనిషి గుర్తు చెక్కుతావు. దీంట్లో మనిషి లేడేం?”

“అదా... అది పాత సైన్యం నాటి వాడుక. ఐదుగురు కలిస్తే ఒక జట్టు. అందుకని ఐదు పక్కన మనిషిని నిలబెట్టి రాసేవాళ్ళు. జపాను బేరానికీ అలాగే చెక్కుతాం కదా. వాళ్ళు దాన్ని ‘గో’ అంటారు, కొరియా వాళ్ళు ‘ఓ’ అంటారు, మొన్న హనోయ్ నించి వచ్చినావిడ ‘ఙూ’ అంది, మనమేమో ‘ఙ్’ అని ముక్కుతో మూలుగుతాం. నోళ్ళు ఎన్నయినా గీతలు మాత్రం—”

“నాకు పాఠం చెప్పకు! మనిషెక్కడికి పోయాడు అని అడిగాను. పార్కుకి పోయాడా?”

“ఎక్కువ గీతలుంటే వేలికి తికమక. అందుకే తీసేశా.”

“తీసేసి ఏం చెక్కావు? పైనో గీత, కిందో గీత, మధ్యలో ఇంటూ.”

“అది మొదట్లో ఐదు. ఎద్దు ఎముకల మీదా, తాబేటి చిప్పల మీదా గీసుకున్న కాలంలోది. మూడు వేల ఏళ్ళ కిందటి—”

“మూడు వేల ఏళ్ళెవడికి కావాలి? నలభై రెండేళ్ళ కిందట మా నాన్న దగ్గర పని నేర్చుకుంటూ, ఇదే ఐదు ఒక్క ముక్క మీద చెక్కి నా జేబులో వేశావు. ‘పైన ఆకాశం, కింద నేల, నడుమ మనిద్దరం కలుసుకున్న చోటు’ అన్నావు. ఈ ఐదు నీకు తప్ప ఇంకొకళ్ళకి చెక్కనన్నావు. అన్నావా, లేదా?”

“అన్నాను.”

“ఆ ముక్క ఇప్పటికీ నా దిండు కింద ఉంది. ఆ ఐదు తీసుకెళ్ళి ఎవత్తె పెట్టెలోనో పెడతావా? ఇంకేమన్నా ఇచ్చుకో, డబ్బిచ్చుకో, బాతులు తినిపించుకో. అది నా పేరయ్యా!”

“ఏడవకు.”

“ఏడవట్లేదు. రంగుల ఘాటు. కళ్ళల్లో పడింది.”

“ఐదూ, ఇటు చూడు. పెట్టె మూత మీద ఆవిడ పేరు చెక్కాను. చదువు.”

“నేను చదవను.”

“చదివితే ఈ గొడవంతా తీరిపోతుంది.”

“దాని పేరు నా నోటితో పలకను. నువ్వే చెప్పు.”

“నువ్వే చదవాలి.”

“కళ్ళజోడు లేదు.”

“నెత్తి మీదుంది.”

“...వెలుతురు లేదు ఇక్కడ.”

“మిట్టమధ్యాహ్నం. పైగా ముక్కలు మెత్తబడ్డానికి కాచే దీపం నీ మొహం పక్కనే వెలుగుతోంది.”

“అక్షరాలు మరీ సన్నంగా చెక్కావు.”

“ఒక్కోటి నా అరచెయ్యంత ఉంది, ఐదూ.”

“అయితే ఏంటంట? నాకు చదవాలని లేదు, అంతే. అన్నం పెట్టు.”

“చెయ్యిలా ఇయ్యి.”

“వదులు.”

“కళ్ళతో చదవద్దు. బొటనవేలు ఇక్కడ పెట్టు. ఆఁ. మెల్లగా జరుపు.”

“...పైన గీత. కింద గీత. మధ్యలో... ఇక్కడ కూడా నా ఐదేనా? పేరులో కూడానా?”

“ఆగిపోకు. ఇంకో అక్షరం ఉంది.”

“ఎడమ పక్క ఆడమనిషి గుర్తు... కుడి పక్క కొమ్మలు... చెల్లి.”

“రెండూ కలిపి చదువు.”

“ఐదో... ఐదో చెల్లి.”

“ఆవిడే.”

“...డాక్టరు చీటీ చూశావా? బియ్యం డబ్బాలో అడుక్కి తోశానే.”

“ఏ చీటీ? నేను చూళ్ళేదు.”

“మరి నా కళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“నువ్వు ఎర్ర ముక్కలకి పచ్చ పూసిన రోజే.”