కంటిలో కట్టిన పడవ

ఆ సాయంత్రం స్ప్లిట్ పట్నం ఆసుపత్రికి వెళ్లే ఓడ ఎక్కాలా, ఇంటికి పోయి దుప్పటి కప్పుకోవాలా అన్నది యెర్కో ఇంకా తేల్చుకోలేదు. సర్దిన సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, రేవు పక్కన దింకా వైన్ కొట్టులో పేకాటకు కూర్చున్నాడు. తెరచాప కొయ్య తగిలి అతని కుడికన్ను చెడింది. లోపల లెన్సును పట్టి ఉంచే పలచని పొర సంచి చిరిగిపోయిందట. కొత్త లెన్సును దారంతో కంటి తెల్లగుడ్డుకే కట్టాలన్నారు డాక్టర్లు. కంట్లో దారమేమిటి తల్లీ అన్నదే అతని భయం.

ఎదురుగా అతని జతగాడు ష్పీరో. ష్పీరోకు చూపున్నదే ఒక్క కన్ను. పోయిన వసంతంలో ఆ కంటికి అదే ఆపరేషన్ చేయించుకొచ్చాడు. దింకా, ఆమె మొగుడు ఆంటె అవతలి జత. ముక్కలు పంచారో లేదో, ష్పీరో నోరు తెరిచాడు.

"భయమెందుకురా యెర్కో! నేను బల్ల మీద పడుకున్నానా, డాక్టరమ్మ తల పట్టుకుంది. సంచే లేదు, లెన్సు ఎక్కడ పెట్టను అంది. గాలివానలో పడవను చెరోవైపు తాడేసి కట్టమూ, అలా కట్టమ్మా అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడకు ముడి రాలేదు! నేనే చెయ్యెత్తి వేశాను."

"కంట్లోనా?" అంది దింకా.

"నా కన్నే కదమ్మా, పరాయిదా! దారం చాలకపోతే జేబులోంచి గాలపు తాడు తీసిచ్చాను. మర్నాడు సముద్రంలో మునిగితే, ఇంత చేప ఆ తాడు కొస కరిచింది. కన్ను మూసి తెరిచి, మూసి తెరిచి ఒడ్డుకు లాగాను. ఊరంతా తిన్నారు."

"మాకు తోకైనా అందలేదే," అన్నాడు ఆంటె.

"నువ్వు నిద్రపోయావు. ఇప్పుడు చూపెలా ఉందంటావా? అదుగో, సముద్రం అవతల ఇటలీలో ఒకావిడ బట్టలారేస్తోంది. చొక్కాకు బొత్తాం లేదు. లైట్‌హౌస్ కాపరి వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. రాత్రిళ్లు కన్ను మూసుకో ష్పీరో, ఓడలన్నీ నీ కంటి వెలుగు చూసి ఇటే వస్తున్నాయి, నా ఉద్యోగం ఊడుతుంది అని ఏడ్చాడు!"

దింకా పగలబడి నవ్వింది. యెర్కోకు నవ్వు రాలేదు. ఇన్ని కోతల్లో చూపు వచ్చిందన్నది కూడా కోతేనేమో?

ఆ ఆటలో జతగాళ్లు నోటితో చెప్పుకోకూడదు గానీ సైగలు చేసుకోవచ్చు. కన్ను కొడితే, పెద్ద తురుపు నా దగ్గరుంది, నీ ఆసు ధైర్యంగా దించు, పట్టు నేను లాగుతాను అని. పోయిన చలికాలమంతా ష్పీరోకు ఒక్క సైగా కనబడక ఇద్దరూ ఓడుతూనే ఉన్నారు. యెర్కో తన మంచి కన్నుతో, ఈగ వాలినంత చిన్నగా, కన్ను కొట్టాడు.

ఇటలీ ఆవిడ పులుసులో ఉప్పు తక్కువైందని చెబుతూ చెబుతూనే, ష్పీరో ఆసు తీసి బల్ల మీద పడేశాడు. యెర్కో తురుపు కొట్టి పట్టు లాక్కున్నాడు. లాక్కుని, లేచి నిలబడ్డాడు.

"ముడి అబద్ధం, చేప అబద్ధం, లైట్‌హౌస్ పచ్చి అబద్ధం," అంటూ సంచి భుజాన వేసుకుని రేవు వైపు తిరిగాడు.

ష్పీరో ముఖం చిన్నబోయింది. "అన్నీ అబద్ధాలైతే ఓడెందుకెక్కుతున్నావురా?"

"ఇటలీ నాకక్కర్లేదురా. బల్ల అవతల కొట్టిన కన్ను నీకు కనబడింది. నాకు అంత చూపు చాలు."