గొడుగు కింది మనిషి

బోధన్ దగ్గర ఓ బడి. ఐదో తరగతి పిల్ల మట్టితో తమ ఊరంతా చేసి పెట్టింది. టీచరమ్మ వంగి చూస్తోంది.

“ఇష్టమైన జాగలల్ల జెండాలు పెట్టమన్న. స్పీడ్‌బ్రేకర్ మీద ఎందుకు పెట్టినవ్?”

“గక్కడ చెరుకు ట్రాక్టర్లు మెల్లగైతయి టీచర్. ఎనుకనుంచి గడలు గుంజుకుంటం.”

“దొంగతనానికి జెండానా? రేపు ఎంఈవో సారొచ్చి సూస్తడు. తియ్యి.”

“ఉన్నది ఉన్నట్టు చెయ్యాలని మీరే అన్నరు గద.”

“సరే. పక్కన గా గొడుగేంది?”

“దాని కింద మీరున్నరు టీచర్. మొన్న బస్సు కోసం నిలవడి, మీరు గూడ ఓ గడ గుంజిండ్రు.”

“ముందు గా గొడుగు తీసెయ్.”

“తీస్తే మీ మొఖం కనవడ్తది టీచర్. గందుకే పెట్టిన.”