కాలం చెల్లిన హెడ్‌ఫోన్స్

నార్వేలోని బెర్గెన్‌లో ఆ రోజూ వానే. రేడియోలో సౌండ్ ఇంజినీరుగా రిటైరైన ఆవిడ, తడిసిన సంచిలోంచి తన పాత హెడ్‌ఫోన్స్ తీసి దుకాణం కుర్రాడి ముందు పెట్టింది.

“ఫోన్‌కి తగిలిస్తే చెవిలో దోమ పాడినట్టుంది.”

“వీటి కాలం చెల్లింది పెద్దమ్మా. వీటికి పవర్ ఎక్కువ కావాలి, ఫోన్‌కి అంత చేతకాదు. కొత్తవి తీసుకోండి.”

“చేతకానిది ఫోన్‌కైతే, పారేసేది వీటినా?”

“అయితే విడిగా ఆంప్లిఫయర్ కొనాలి. దాంతోపాటు సౌండ్ క్వాలిటీ పెరగడానికి కన్వర్టర్ కూడా...”

“అదెందుకు? సౌండ్ తక్కువుందన్నాను గానీ, బాగోలేదన్నానా?”

కుర్రాడు నవ్వి, ఆంప్లిఫయర్ ఒక్కటే తగిలించాడు. ఆవిడ కళ్లు మూసుకుంది.

“ఎలా ఉంది?”

“నన్నూ కాలం చెల్లిందనే ఇంటికి పంపారు. ఇంకాస్త పెంచు, రేడియో ఆఫీసుదాకా వినపడాలి!”