మా జర్మనీ సర్పంచి

"అవ్వా, రేపట్నుంచి నేను చూసుకోబొయ్యే ముసలాయన తిండి తినడంట, మాట్లాడడంట. నువ్వు ఇట్టాంటోళ్ళను చూసినావు గదా, ఏం చెయ్యాల?"

ఏం చెయ్యాలంటే ఏం జెప్పేది పాపా. కూచో, ఆ దిండు ఎనక పెట్టుకో. శుక్రారం సెలవు గదా, యాడికీ పొయ్యే పన్లేదు. మా జర్మనీ సర్పంచి సంగతి చెప్తా విను.

ఇదే గువైట్‌లో, ఈ హవల్లీలోనే ఒగ జర్మనీ మామా కాడ, అదే యజమానురాలి కాడ, పని చేస్తాంటి. బడిలో టీచరు, ఒగతే ఉంటాండె. మంచిదే, కోపమొస్తే మాట్లాడదు, అంతే. వాళ్ళమ్మ పొయ్యినాక నాయన్ను ఈడికి పిల్చకొచ్చింది. బాబా అంటాంటి నేను. ఇంత పొడుగు మనిషి, తెల్ల మీసం. వచ్చిన కాన్నుంచి కిటికీ కాడ కూచోని కింద కార్లు చూసేదే పని. సూపు పెడితే సల్లారిపాయ, రొట్టె పెడితే ఎండిపాయ. చిక్కి సగమైనాడు. మామా ఒగనాడు వంటింట్లోకొచ్చి, "రెడ్డెమ్మా, ఎండలు ముదిరే లోపల నాయన తేరుకోకుంటే జర్మనీలో ముసలోళ్ళ హాస్టల్లో పెట్టేస్తా, నాకు ఇంగ దారి లేదు" అని ఏడ్సింది. అది గూడా వాళ్ళ ఊర్లో కాదంట, యాడ్నో పట్నంలో. బాబాకూ తెలుసు ఆ మాట. ఆడికి పోతే నేను బతకను రెడ్డెమ్మా అనె నాతో. ఇంగ్లీషులోనే లే. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంత మాత్రమే, అందుకే మాకు బాగా కుదిరింది.

అందురూ ఆయన్ను ఏమడుగుతాండ్రి? తిన్నావా, మాత్ర మింగినావా, ఇంతే. నేనూ అంతే అనుకో. ఒగనాడు చిక్కుడుకాయలు ఒలస్తా, ఏం తోచక, "బాబా, వాట్ వర్క్ యూ?" అంటి. అప్పుడు ఇట్ల తిరిగినాడు కిటికీ కాన్నుంచి. మేయరంట. మేయరంటే పెద్ద పట్నాలకు గదా అనుకుంటి, కాదంట, కొండ కింద చిన్న ఊరంట. పగలంతా పాల డైరీలో పని, సాయంత్రమైతే ఊరి పని. ఓ, సర్పంచా అంటి. అవునవును సర్పంచే అని ఆ మాట నేర్చుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఎక్కినోడు తల నెరిసిందాంక దిగలా, ఎన్ని ఎలక్షన్లు వచ్చినా ఆయనే. ఎవురూ పోటీ పడలేదా బాబా అంటే, "ఒగసారి నా బామ్మర్ది పడినాడు, ఓడిపొయ్యి ఏండ్ల తరబడి నాతో మాట్లాడలా, పండక్కి మాత్రం మా యింట్లోనే తింటాండె" అని నవ్వినాడు. వంక మీద బ్రిడ్జి కట్టిచ్చినాడంట. బడి మూసేస్తామంటే అడ్డం పడినాడంట. పెండ్లిండ్లకు కాగితాలు రాసేదీ ఆయనే, పక్కింటి కోళ్ళు మా తోట తొవ్వినాయంటే పంచాయితీ చేసేదీ ఆయనే. మా ఊర్లో సర్పంచి కుళాయి ఏపిస్తానని ఓట్లు ఏపిచ్చుకున్నాడు పాపా. ఇప్పుడు ఆయప్ప మనవడు గూడా అదే మాట చెప్తాండాడంట. ఏం మనుసులో ఏమో. ఆ, యాడుంటి? చిక్కుడుకాయలు. చెప్తా చెప్తా ఆ పొద్దు రెండు చపాతీలు తిన్నాడు. నేను గమ్మున ఉండా, నోరు తెరిస్తే ఆపేస్తాడేమోనని.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన పని ఏందంటే, ఊర్లో ముసలోళ్ళ పుట్టినదినానికి మేయరే కోటేసుకోని యింటికి పొయ్యేది. వాళ్ళ దేశంలో అది వాడుకంట. పూలు, ఒగ వైన్ సీసా చేతిలో పట్టుకోని పొయ్యి, కూచోని, వాళ్ళ బాధలు విని రావాల. ఈడ సీసా ఎత్తుకోని పోతే జైల్లో ఏస్తారు బాబా అంటి. నీ పుట్టినదినం ఎప్పుడు అని అడిగినాడు. జనవరి ఒగటి అంటి. బిల్డింగు హారిస్ చెన్నయ్యది? మన రాయచోటోడే లే, కాపలా పని. జనవరి ఒగటే. ఆయప్ప కాడుండే గుర్రప్పది, షువైఖ్‌లో మూటలు మోసేటాయన? అదీ జనవరి ఒగటే. మాకు పుట్టిన తేదీ ఎవురికి తెలుసు పాపా, పాసుపోర్టు ఏజెంటు ఏది రాస్తే అదే. బాబాకు ఆ సంగతి తెల్దు. ఒగే దినం ఇంతమందా అని సంబరపడినాడు.

జనవరి ఒగటి వచ్చింది. మామా ఫ్రెండ్సుతో సముద్రం కాడికి పొయ్యింటే, ఈయన నల్లకోటు, టై కట్టుకోని తయారు. సీసా బదులు ఖర్జూరం డబ్బాలు నా చేతికిచ్చి, యల్లా రెడ్డెమ్మా, పోదాం పా అనె. కింద నేలమాళిగలో చెన్నయ్యోళ్ళ రూముకు పొయ్యి తలుపు కొట్టినాడు. చెన్నయ్య తలుపు తీసి కోటూ టై చూసినాడు, అంతే, చెకింగు వచ్చిందని కేకేసినాడు. ఇఖామా, అదే ఈడ ఉండే పర్మిటు, అయిపోయినోళ్ళు ఇద్దరు ఉండ్రి ఆ రూములో. ఉన్నోళ్ళూ లేనోళ్ళూ అందురూ ఎనక మెట్లెక్కి మిద్దె మీదికి పరుగు. చెప్పులు గూడా ఏసుకోలా. నాకు నవ్వాగలా. బాబా మొగం చూస్తే నవ్వు పాయ. మెట్ల మీద కూలబడి, "నన్ను చూసి నా బతుకులో ఎవురూ పారిపోలేదు రెడ్డెమ్మా. నా బిడ్డ చెప్పిన ఆ హాస్టలుకే పంపించమను నన్ను" అనె.

నాకు కడుపు మండిపాయ. మిద్దె మీదికి పొయ్యి తిడితి, "దిగండిరా, పోలీసు కాదు ఏం కాదు, జర్మనీ సర్పంచి, మీ పుట్టినదినాలకు వచ్చినాడు" అని. దొంగల మాదిరి ఒగొగరే దిగినారు. బాబా లేసి కోటు సర్దుకోని ఒగొగరికి చెయ్యిచ్చి డబ్బా పెట్టినాడు. గుర్రప్ప ఆ డబ్బా గుండెకాడ పట్టుకోని, "అక్కా, ఈయన నాకోసమనే వచ్చినాడా? అడుగు రోంత. పని చెప్పనీకె తప్ప నా తలుపు ఎవురూ కొట్టలా" అని ఏడ్సినాడు.

చెన్నయ్యే నిజం చెప్పేసినాడు, ఈ తేదీ మాది కాదు సారూ, ఏజెంటుది అని. బాబా ఒగొగరి మొగం చూసినాడు. మీసం దువ్వుకుంటా, "అయితే ఒగొగరికి ఒగొగ దినం పెట్టాల, సర్పంచి ఉండేది ఎందుకు" అనె. బియ్యం మూట మీద కూచున్నాడు. మీయమ్మ మిమ్మల్ని కన్నప్పుడు ఊర్లో ఏం జరగతాండె అని అడగతాడు, వీళ్ళు చెప్తారు, చెన్నయ్య పెట్టిన సంగటి తింటాడు. గుర్రప్ప కూతురి పెండ్లి దినమే తనదీ కావాలనె. నేను ఆగస్టులో పెట్టమంటి. ఆ ఎండకు గువైట్‌లో ఎవురూ బయటికి రారు, ఈయనొగడన్నా వస్తాడని.

అప్పుడే మామా వచ్చింది ఎతుక్కుంటా. తలుపు కాడ్నే నిలబడిపోయింది. పైకి రా నాయనా అంటే ఈయన సంగటి చేత్తోనే, "ఆగస్టులో రెడ్డెమ్మ పుట్టినదినం ఉంది, దాని ముందర చెన్నయ్యది. నేను యాడికీ పోను" అనె. మామా మెట్ల మీద కూచోని మోకాళ్ళల్లో మొగం పెట్టుకోని ఏడ్సింది. మళ్ళా ఆ హాస్టలు మాట ఎత్తలేదు పాపా.

చానా ఏండ్లు బతికినాడు ఆ తర్వాత. ఆ యింట్లోనే, తన మంచంలోనే పొయ్యినాడు. గుర్రప్పోళ్ళు కఫీళ్ళ కాడ, అదే పనిచ్చినోళ్ళ కాడ, సెలవు అడిగి, ఇస్త్రీ చొక్కాలేసుకోని వచ్చి మోసినారు. బంగారంలాంటి మనిషి. ఆగస్టు వస్తే నేను ఇప్పటికీ మంచి చీర కట్టుకోని కూచుంటా. ఎవురూ రారని తెలుసు. అయినా కూచుంటా...

సరే, పొయ్యి పండుకో ఇంగ. రేపు నీ ముసలాయన్ను తిన్నావా అని అడగాకు. ఏం పని చేస్తాంటివి సామీ అని అడుగు. అడిగి, గమ్మున పక్కన కూచో. సల్లగుండు తల్లీ.